పైన ధవళేశ్వరం, కింద సముద్రం

నేలకు హద్దులు వేసి, నీళ్ళకు దారి చూపించి, మనిషికి కాళ్ళిచ్చి ఆ దారి వెంట నడవమన్న దేవునికి ముందుగా స్తోత్రం. ముప్పై రెండేళ్ళు చేతిలో సుద్దముక్కతో నిలబడే బలం ఆయనే ఇచ్చాడు. గొంతు ఆయనే ఇచ్చాడు. కోపం మాత్రం నేను సొంతంగా తెచ్చుకున్నాను. ఆ కోపంలో నేను చేసిన ఒక తప్పును పట్టుకుని, దాన్నే నా ఉద్యోగానికంతటికీ కిరీటంగా మార్చినవాడు ఆయన. మహిమ ఆయనకే.

ఈ మధ్య మా సంఘంలో ముగ్గురు పిల్లలు సోషల్ టీచర్లుగా ఉద్యోగాల్లో చేరారు. ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, "మాస్టారూ, మాకేమైనా చెప్పండి" అన్నారు. ప్రమోషన్ల గురించి, సర్వీసు రిజిస్టరు గురించి చెప్పేవాళ్ళు మీకు ప్రతి స్టాఫ్ రూములోనూ దొరుకుతారు. నేను ఒక సున్నా గురించి చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లకు నేను వేసిన సున్నా.

గుడి గోడమీది పటం

మా నాన్నగారు నిడదవోలు దగ్గర ఒక లూథరన్ సంఘంలో ఉపదేశి. ఆదివారం బడిలో ఆయన గుడ్డమీద అచ్చువేసిన పటం ఒకటి మేకుకు తగిలించేవారు. అపొస్తలుడు సువార్త ప్రకటిస్తూ ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్ళాడో అందులో ఎర్రగీతలుండేవి. వెదురు పుల్లతో చూపిస్తూ అడిగేవారు.

"ఎఫెసు ఎక్కడరా?"

"అదిగోనండి!"

"అంతియొకయ?"

"అదిగోనండి!"

ఏడేళ్ళ వయసుకే ఆ సముద్రంలో అపొస్తలుడి ఓడ ఎక్కడ పగిలిందో నాకు తెలుసు. కానీ జంక్షన్‌లో రైలు కూసినప్పుడు అది ఎటు పోతోందో తెలియదు. మా గుడి వెనక దిబ్బ ఎవరిదో, దానిమీద ఇటుక ముక్కలు ఎందుకున్నాయో తెలియదు. అడగాలని కూడా తోచలేదు. పటమంటే దూరదేశానిదే అనుకున్నాం.

పెద్దయ్యాక రాజమండ్రిలో బి.ఇడి. చదివి నేను చేసిందీ అదే. పదో తరగతి పరీక్షలో పటంమీద చుక్కలు పెట్టే ప్రశ్న ఉంటుంది. దానికి మార్కులు ఖాయం కాబట్టి జనవరి నుంచి పిల్లల చేత రోజూ చుక్కలు పెట్టించేవాణ్ణి. ఇనుము ఎక్కడ, బొగ్గు ఎక్కడ, ఓడరేవు ఎక్కడ. చెయ్యి అలవాటైపోయి కళ్ళు మూసుకుని పెట్టేవాళ్ళు. మా బడి ఫలితాలు బాగుండేవి, నాకు పేరు కూడా వచ్చింది. ఇప్పుడు నిజం చెప్పేస్తున్నాను: చుక్క పెట్టడం నేర్పాను గాని చోటు నేర్పలేదు.

నేను వేసిన సున్నా

తొంభైల నడుమ నన్ను రామచంద్రపురం దగ్గర కాలువ మీదున్న ఒక ఊరి హైస్కూలుకి బదిలీ చేశారు. ఊరి మధ్యలోంచి కాలువ. కాలువమీద లాకు, అంటే పడవలు మెట్టుమెట్టుగా దిగడానికీ ఎక్కడానికీ, నీళ్ళు ఆపడానికీ కట్టిన తలుపుల కట్టడం. నేను వెళ్ళేసరికి పడవలు దాదాపుగా పోయాయి, తలుపులు మాత్రం ఉన్నాయి. ఆ ఊళ్ళో లేని జనం లేరు. వరిపొలాల రైతులు, గట్టుకింద క్రైస్తవుల పేట, లాకు పక్కన పది ముస్లిం ఇళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, లేసు అల్లే ఆడవాళ్ళు, బర్మా నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళ వరస ఒకటి. బర్మాని మనవైపు రంగం అంటారు కదా, ఆ వరసని రంగంవీధి అనేవాళ్ళు.

ఇన్ని రకాల జనం ఉన్న ఊళ్ళో చరిత్ర చెప్పడానికి మొదలు ఊరి పటం గీయించాలని నాకు తోచింది. తోచింది మంచిదే. చేసిన తీరు మంచిది కాదు. పంచాయతీ ఆఫీసులో ఊరి పటం నకలు తీసుకుని బోర్డుమీద వేశాను. "ఉత్తరం పైన ఉండాలి. కొలబద్ద ఉండాలి. గుర్తుల పట్టిక ఉండాలి. ఆదివారం ఊరంతా తిరిగి సోమవారం తీసుకురండి" అన్నాను.

సోమవారం నలభైరెండు పటాలు వచ్చాయి. నలభై ఒకటి నేను బోర్డుమీద వేసినదే. ఊరు తిరిగినవాడు ఒక్కడూ లేడు. నలభైరెండోది షకీలా గీసింది. లాకు పక్కన ఉండే పిల్ల, లస్కరు మీరాసాహెబుగారి మనవరాలు. లస్కరంటే లాకు తలుపులెత్తి దించే మనిషి. ఆ పిల్ల కాగితం మధ్యలో పైనుంచి కిందికి నిలువుగా కాలువ గీసింది. పైన "ధవళేశ్వరం" అని రాసింది, కింద "సముద్రం" అని రాసింది. ఇళ్ళన్నీ కాలువకు అటూ ఇటూ పెట్టింది. మా ఊరికి ధవళేశ్వరం ఆనకట్ట పడమటివైపు, సముద్రం తూర్పువైపు. అంటే ఆ పటంలో పైన ఉన్నది పడమర. ఉత్తరం కుడిచేతి వైపు పడింది.

నేను ఎర్ర కలంతో "దిక్కులు తప్పు" అని రాసి, సున్నా చుట్టి, ఆ కాగితం క్లాసు ముందు ఎత్తి పట్టుకున్నాను.

"ఏంటమ్మా ఇది? మీ ఇంటి దగ్గర సూర్యుడు కిందనుంచి పుడతాడా?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నిలబడి, నిజంగా అడిగాననుకుని, నిజమే చెప్పింది.

"ఆయ్, దిగువనుంచే వస్తాడండి."

క్లాసు పగలబడింది. వెక్కిరిస్తోందనుకుని గంటసేపు నిలబెట్టాను. ఆ గంటలో ఆమె ఏడవలేదు. నా చేతిలోని కాగితం వైపే చూస్తూ నిలబడింది. ఈ వయసులో కూడా కొన్ని ఉదయాలు ప్రార్థనకు మోకరించినప్పుడు ఆ చూపు నా ముందుకొస్తుంది.

మర్నాడు ఆమె రాలేదు. ఆ వారమంతా రాలేదు. శనివారం రత్నకుమారి అనే పిల్లని అడిగాను.

"షకీలా ఏదమ్మా?"

"మానిపించేశారటండి. వాళ్ళమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకుంటుందటండి. ఎలాగూ సున్నాలొస్తున్నాయి కదా అన్నారటండి."

ఏదెనుకు దారి

మరునాడు ఆదివారం. ఆ ఊళ్ళో ఉన్నది బాప్టిస్టు గుడి. నేను పుట్టింది లూథరన్ సంఘంలోనైనా, పిలిచేది ఒకే తండ్రిని కాబట్టి అక్కడికే వెళ్ళేవాణ్ణి. ఆ రోజు పాస్టరుగారు చదివిన వాక్యం సృష్టి కథలోది. దేవుడు వేసిన మొదటి తోట ఎక్కడుందో చెప్పే చోటు. అంతకుముందు వందసార్లు విని ఉంటాను. ఆ రోజు చెవుల్లో పడింది.

ఆ తోట జాడ దేవుడు ఎలా చెప్పించాడో గమనించారా? తూర్పు అనే మాట ఒకటి రెండు చోట్ల ఉంది. మిగతాదంతా నీళ్ళే. తోటను తడపడానికి ఒక నది బయలుదేరింది, అది నాలుగు పాయలైంది, ఈ పాయ ఫలానా దేశం చుట్టూ పారుతుంది, ఆ పాయ ఫలానా దేశం చుట్టూ పారుతుంది. నది ఎక్కడ పుట్టిందో అక్కడ మొదలుపెట్టి, అది పోయిన దారినే దేశాల పేర్లు చెప్పుకుంటూ వెళ్ళాడు. పైన ఏదెను, కింద లోకం.

షకీలా గీసింది సరిగ్గా అదే పద్ధతి. దానికి నేను సున్నా వేశాను.

పక్కనున్నాయన "ఏంటి మాస్టారూ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. నా మొహం అలా ఉందేమో. చివరి పాట నేను పాడలేకపోయాను. భోజనం కూడా చెయ్యకుండా, పంచాయతీ పటమూ షకీలా కాగితమూ జేబులో పెట్టుకుని లాకు దగ్గరికి నడిచాను.

లాకు దగ్గర

మీరాసాహెబుగారు లాకు గోడమీద కూర్చుని నీటిమట్టం చూసే కొయ్యకు రంగు వేస్తున్నారు. నన్ను చూసి లేచారు.

"రండి మాస్టారండీ. ఎండలో వచ్చారేంటండీ?"

"షకీలా గురించి వచ్చానండి."

ఆయన కుంచె పక్కన పెట్టారు. "ఆ పటం దానికి చెప్పింది నేనండి. పక్కన కూర్చుని గీయించాను. అందుకని ఆ సున్నా దానిది కాదండి, నాది. దానికి తీసేసి నాకెయ్యండి."

నా దగ్గరున్న పంచాయతీ పటం ఆయన చేతికిచ్చాను. "ఇందులో మీ ఇల్లెక్కడో చూపించండి" అన్నాను. ఆయన దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు, తలకిందులు చేశారు, మళ్ళీ తిప్పారు. నలభై ఏళ్ళుగా ఆ కాలువలో ప్రతి అంగుళం నీళ్ళు తెలిసిన మనిషి.

"ఇదేదో ఊరండీ. మనది కాదు" అన్నారు.

అప్పుడు జేబులోంచి షకీలా కాగితం తీసి ఇచ్చాను. ఆయన తిప్పలేదు. ధవళేశ్వరం మీద వేలు పెట్టి, నీళ్ళతో పాటు కిందికి దింపుకుంటూ వచ్చారు.

"ఇదిగోనండి పైలాకు. ఇదిగో వంపు. ఈ వంపు దగ్గర కాలవ తవ్వినోళ్ళు గుడిసెలేసుకుని ఉండిపోయారండి. ఇప్పుడు మీ క్రైస్తవుల పేట అదేనండి. ఇదిగో మా ఇల్లు. మా ముత్తాతని బందరు నుంచి తెచ్చారండి, తలుపులెత్తే పనికి. ఏలూరు కాలవమీద పడవలో వచ్చి, గోదారి దాటి, ధవళేశ్వరం మీదుగా ఇక్కడ దిగాడు. ఎగువనుంచండి. రంగంవీధోళ్ళు దిగువనుంచి. కాకినాడలో ఓడ దిగి పడవెక్కారు. మీ పేటలో బడెట్టిన మిషను దొరసానమ్మా దిగువనుంచే. ఆవిడ లేసుదారం పెట్టె మా తాతే మోశాడండి రేవులోంచి."

"మరి రైతులండీ?"

ఆయన నవ్వారు. "వాళ్ళు మాత్రం ఆకాశంలోంచి ఊడిపడ్డారేంటండీ? నీళ్ళొచ్చాక నీళ్ళెంబడి వచ్చారు. మాస్టారండీ, మనూళ్ళో జనం రెండే రకాలు. ఎగువనుంచి వచ్చినోళ్ళు, దిగువనుంచి వచ్చినోళ్ళు. ఇక్కడే మొలిచినోడు ఒక్కడూ లేడండి."

పదిహేనేళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి. ఒక ఊరి చరిత్ర ఇంత తేలిగ్గా ఎవరూ నా చేతిలో పెట్టలేదు.

షకీలా పక్కనే ఉన్న వాళ్ళింటి తలుపు చాటునుంచి వింటోంది. "తప్పు నాదేనమ్మా, రేపు బడికి రా" అన్నాను. ఆమె తాత వైపు చూసింది. మీరాసాహెబుగారు నెమ్మదిగా, మర్యాదగా ఒక మాటన్నారు.

"పంపుతానండి. కాని సున్నా క్లాసులో వేశారు కదండీ. దిద్దడం కూడా అక్కడే దిద్దండి. ఇక్కడ దిద్దితే మన ముగ్గురికే తెలుస్తుందండి."

దిద్దుబాటు

కొత్తగా చేరినవాళ్ళకి ఇది బాగా చెప్పాలి. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే క్లాసు చెయ్యి జారిపోతుందని పెద్ద టీచర్లు మీకు చెబుతారు. నాకూ చెప్పారు. అది అబద్ధం. సోమవారం ఉదయం భయపడిన మాట మాత్రం నిజం. మెట్లమీద ఆగి, ప్రభువా, నోరు ఎండిపోతోంది, మాట ఇవ్వు అని ప్రార్థించుకుని లోపలికెళ్ళాను.

షకీలా చివరి బల్లమీద కూర్చుంది. ఆమెను పిలిచి, కాగితం అందరికీ చూపించి అన్నాను: "పోయిన సోమవారం మన క్లాసులో ఒకరికి దిక్కులు తెలియలేదు. అది షకీలా కాదు, నేను. ఈ ఊరివాళ్ళు ఎగువ, దిగువ అని నడుస్తారు. నేను అది అడగకుండా దిద్దాను." సున్నాను ఎర్ర కలంతోనే కొట్టేశాను. ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చి, నేను ఆమె స్థలంలో చివరి బల్లమీద కూర్చున్నాను.

ఎవరూ నవ్వలేదు. షకీలా బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి, వెనక్కి తిరిగి అడిగింది, "మీరు ఎటునుంచి వచ్చారండి మాస్టారూ?"

"గోదారి అవతలనుంచమ్మా. బదిలీ మీద."

"అయితే ఎగువనుంచేనండి" అని, పైనుంచి ఒక బాణం గీసి నా పేరు రాసింది. అప్పుడు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఊళ్ళో నాకు చోటు దొరికింది ఆ రోజే.

మొక్కు ఎక్కడుందో అడగండి

ఆ శనివారం నుంచి పిల్లలు నిజంగా ఊరు తిరిగారు. వాగ్దాన దేశంలో అడుగుపెట్టిన ఇశ్రాయేలీయులు కూడా భాగాలు పంచుకునే ముందు గోత్రానికి ముగ్గురిని పంపి, దేశమంతా నడిచి రాసుకు రమ్మన్నారు. నేనూ ముగ్గురేసి చొప్పున జట్లు చేశాను. ఒక్క నియమం పెట్టాను: ఏ జట్టూ తమ సొంత వీధికి వెళ్ళకూడదు. రైతుల పిల్లలు క్రైస్తవుల పేటకి, పేట పిల్లలు లాకు దగ్గరికి, లాకు పిల్లలు రైతుల ఇళ్ళకి. మొదటి వారం గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడిన ఇళ్ళున్నాయి. మూడో వారానికి లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు. పిల్లలు అడుగుతున్నది వాళ్ళ ముత్తాతల గురించి కదా. ముత్తాత గురించి అడిగితే కరగని గుమ్మం లేదు.

పెద్ద పేచీ బడి కమిటీ ప్రెసిడెంటు సత్యనారాయణగారి దగ్గర వచ్చింది. పెద్ద రైతు, మంచి మనిషి, నోరు గట్టిది. నేరుగా స్టాఫ్ రూముకే వచ్చారు.

"ఏంటండీ మాస్టారూ! మమ్మల్ని వచ్చినోళ్ళంటున్నారటేంటండీ? మేం వచ్చినోళ్ళమేంటి? ఈ మట్టే మేము!"

షకీలా జట్టు రాసుకున్న పుస్తకంలోని ప్రశ్న ఒకటి అడిగాను. "మీ ఇంటి మొక్కు ఎక్కడండీ? పిల్లలకి పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు?"

"కోరుకొండలో. నరసింహస్వామికి."

"ఇక్కడికి దగ్గర్లో ఇన్ని గుళ్ళుండగా అంత దూరమెందుకండీ?"

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గొంతు తగ్గింది. "మా అమ్మనడిగానండి. మా తాత తండ్రి కోరుకొండ అవతల మెట్ట ఊరివాడంట. అక్కడ వానలు లేక, కాలవొచ్చిందని విని, ఎడ్లబండి తోలుకుంటూ గట్టు వెంట వచ్చాడంట. నాకింతవరకూ తెలీదండి." లేస్తూ, "మా బాణం కొంచెం లావుగా గీయించండి" అన్నారు.

ఇది ఏ శిక్షణ కళాశాలలోనూ చెప్పరు, రాసుకోండి. మనిషి ఎక్కడనుంచి వచ్చాడో మరిచిపోయినా, ఇంటి మొక్కు మరిచిపోదు. హిందువులింట్లో మొక్కు ఏ గుడికి, ముస్లింలింట్లో ఏ దర్గాకి, క్రైస్తవులింట్లో కానుక ఏ పాత గుడికి పంపుతారో అడగండి. దారి అక్కడే దొరుకుతుంది. నా నమ్మిక నాది. నా ప్రభువు తప్ప వేరే రక్షకుడు నాకు లేడు. అయినా ఆ ఇళ్ళలో కూర్చుని ఆ కథలు వింటున్నప్పుడు, ఈ జనాన్నందరినీ ఒకే కాలువ వెంట నడిపించి ఒక్కచోట చేర్చిన చెయ్యి ఎవరిదో నాకు సందేహం రాలేదు.

వెల్ల

కథలన్నీ పోగయ్యాక వరండాలో పడమటి గోడమీద పటం వేశాం. కాలువకి నీలిమందు, పేటలకి ఇటుకపొడి. చదువు రానివాళ్ళు కూడా పోల్చుకోవాలని ప్రతి చోటుకీ ఒక బొమ్మ: లాకుకి తలుపు, తవ్వినవాళ్ళకి పలుగు, గుడికి సిలువ, రంగంవీధికి ఓడ, రైతులకి ఎడ్లబండి. ఎగువనుంచి నల్ల బాణాలు, దిగువనుంచి ఎర్ర బాణాలు. పైన ధవళేశ్వరం, కింద సముద్రం. కుడిపక్కకి ఉత్తరం బాణం.

మా హెడ్మాస్టరు వెంకటరావుగారు నిక్కచ్చి మనిషి. ఆయన దగ్గర నేను సమయపాలన నేర్చుకున్నాను, జంకు కూడా నేర్చుకున్నాను. పటం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమండీ, ఉత్తరం అలా పక్కకి తిరిగి పడుకుందేంటండీ? జ్వరమొచ్చిందా?"

"ఈ ఊరి లెక్క అదండి."

"ఊరి లెక్క సరే. పై వారం తనిఖీ. వచ్చే అధికారికి ఏ లెక్క చెబుతారు? సోషల్ టీచరుకి దిక్కులు తెలియవని రాసిపోతే బడికి మచ్చండీ. శుక్రవారంలోపు వెల్ల వేయించేయండి."

ఈ మాట పిల్లలకి ఎలా చేరిందో, సాయంత్రానికి షకీలా నా ముందు నిలబడింది.

"గోడ తుడిచేస్తారంటగదండీ?"

"ప్రార్థన చేస్తున్నానమ్మా."

"తుడిచేస్తే నన్నింక పంపరండి. మా అమ్మ చెప్పేసింది. ఒకసారి దిద్దింది చాలు, మళ్ళీ మళ్ళీ సిగ్గుపడక్కర్లేదంది."

ఆ పిల్ల చదువు ఇప్పుడు ఆ గోడమీద ఉంది. హెడ్మాస్టరుగారి దగ్గరకెళ్ళి, ఈ పటానికి పూర్తి బాధ్యత నాదేనని కాగితంమీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, సొరుగులో పెట్టుకుని, "మొండివాళ్ళండీ మీరు" అన్నారు. వెల్ల వేయించలేదు.

తనిఖీ రోజున అధికారి గదులన్నీ చూసి, వరండాలోకి వచ్చి గోడముందు ఆగారు. హెడ్మాస్టరుగారు నా వెనక్కి జరిగారు.

"ఉత్తరం ఎక్కడండీ ఇందులో?"

నేను నోరు తెరిచేలోగా షకీలా ముందుకొచ్చింది. "మీ కుడిచెయ్యి చాపండి సార్."

నా వెనక హెడ్మాస్టరుగారు "ఓరి దేవుడా" అనడం వినబడింది. అధికారి ఒక క్షణం ఆ పిల్లని చూసి, కుడిచెయ్యి చాపారు.

"అటే ఉత్తరమండి. ఈ పటంలోనూ అటే. నిజంగానూ అటే. మీరిప్పుడు ఎగువకి తిరిగి నుంచున్నారు సార్. గోడ లేకపోతే ధవళేశ్వరం మీ ఎదురుగానే."

అధికారి చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, పటాన్నీ తన చేతినీ మార్చి మార్చి చూశారు. అప్పుడు మెల్లగా అన్నారు, "మా ఆఫీసు గోడమీద పటంలో ఉత్తరం పైకప్పులో ఉంటుందండీ. ఇక్కడ ఉత్తరం ఉత్తరంలోనే ఉంది."

అయినా పూర్తిగా ఒప్పుకోలేదు. మంచినీళ్ళు తెచ్చిన మా ఆయా అప్పలమ్మని పిలిచారు. "చదువుకున్నావా అమ్మా?"

"లేదండి బాబూ. వేలిముద్రండి."

"ఇందులో మీ ఇల్లెక్కడో చెప్పగలవా?"

అప్పలమ్మ చెంబు కిందపెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, లాకుమీద వేలు పెట్టింది. ఆ వేలు దిగువకి జారింది. ఓడ బొమ్మ దగ్గర ఆగింది. "ఇక్కడండి. మా మామ్మ రంగంనుంచి రేకుపెట్టె ఒక్కటి పట్టుకుని ఇదిగో ఈ రేవులో దిగిందండి. అప్పుడు ఆవిడకి నీళ్ళిచ్చింది ఇదిగో, ఈ లాకుసాయిబుల ఇంటివాళ్ళేనండి. ఈ పిల్ల ముత్తవ్వ." ఆ మాటతో షకీలా వైపు తిరిగింది. షకీలాకీ ఆ సంగతి తెలియదు. నాకూ తెలియదు. మేము గీసిన పటం మాకే కొత్త పాఠం చెప్పింది.

అధికారి హెడ్మాస్టరుగారి వైపు చూశారు. "ఈ గోడ జాగ్రత్తండీ. వానలకి తడవకుండా చూసుకోండి."

"నేను మొదటినుంచీ ప్రోత్సహిస్తూనే ఉన్నానండి" అన్నారు వెంకటరావుగారు. దేవుడు ఆయన్ని దీవించుగాక, మరుసటి నెలలో ఆ గోడకి రేకుల చూరు ఆయనే వేయించారు.

సాయంత్రం మీరాసాహెబుగారు వచ్చారు. పనిబట్టలతోనే పటం ముందు నిలబడి, ధవళేశ్వరం మీద వేలు పెట్టి, నీళ్ళతో పాటు సముద్రం దాకా దిగారు. ఎక్కడా ఆగలేదు. అప్పుడు షకీలాతో అన్నారు, "పదో క్లాసుకి ఇంకా రెండేళ్ళే కదే?"

దిగువనుంచి ఫోను

ఆ రెండేళ్ళయ్యాయి. ఇంటరు, టీచరు శిక్షణ కూడా అయ్యాయి. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళకి షకీలా టీచరు ఉద్యోగం సంపాదించింది. తాళ్ళరేవు అవతల, సముద్రానికి దగ్గరగా, వేటకెళ్ళేవాళ్ళ పిల్లలు చదివే బడి. మీరాసాహెబుగారు అప్పటికి రిటైరయ్యారు. మనవరాలి నియామకపు కాగితాన్ని ఆయన ఊరంతా చూపించారు, సత్యనారాయణగారికి రెండుసార్లు.

ఆమె చేరిన నెలకి నా సెల్ ఫోను మోగింది.

"మాస్టారండీ, పిల్లల చేత ఊరి పటం గీయించానండి. ఎగువ పైన పెట్టమని నేనే చెప్పానండి. అందరూ అలాగే గీశారు. ఒక్కడు మాత్రం సముద్రం పైన పెట్టాడండి. ఊరంతా కింద. కాలవ కిందనుంచి పైకి పారుతోందండి."

"ఎన్ని మార్కులు వేశావమ్మా?"

గట్టు దిగుతున్న చప్పుడు, గాలి చప్పుడు వినిపించాయి.

"ఇంకా వెయ్యలేదండి. ముందు వాళ్ళింటికి వెళ్తున్నాను. వాళ్ళ తాతని అడగాలండి."

ఫోను పెట్టేసి నేను కూర్చున్న చోటే మోకరించాను. ముప్పై రెండేళ్ళ ఉద్యోగానికి జీతం ఆ రోజు అందింది.

ఇంతవరకూ చదివిన మీరు, దేవుణ్ణి ఏ పేరుతో పిలిచేవారైనా సరే, ఒక్క నిమిషం నాతో పాటు తల వంచండి. రేపు ఉదయం ఏదో ఒక బడిలో, ఏదో ఒక టీచరు ఎర్ర కలం మూత తీస్తాడు. ఎదురుగా తనకు అర్థంకాని కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని గీసిన పిల్ల నిలబడి చూస్తూ ఉంటుంది. తండ్రీ, ఆ చేతిని ఒక్క క్షణం ఆపు. ఆ నోటితో ముందు ఒక ప్రశ్న అడిగించు. ఎగువనుంచి వచ్చినవాళ్ళనీ, దిగువనుంచి వచ్చినవాళ్ళనీ ఒకే నీళ్ళతో బతికించినవాడివి నువ్వు, మా బడులన్నిటి మీదా నీ చెయ్యి ఉంచు. ఆమేన్ అనండి.